సంఘపు ఆవర్జాలకు ఎట్టి డిస్కు కావలయును?

సహకార సంఘమునకు ఇనుప పెట్టె యెంత ముఖ్యమో లెక్కల పుస్తకమును అంత ముఖ్యమని మన సభ్యులకు వేరుగ చెప్పనక్కర లేదు. పెట్టెలోని రొక్కము పోయినచో ఆ మొత్తముతో నష్టము తీరును. ఆవర్జా పోయినచో ఎవరు ఎంత బాకీ, ఎవరు ఎప్పుడు ఎంత చెల్లించిరి, ఎవరి వాటాధన మెంత, ఎవరి పొలము తాకట్టున నున్నది, ఎవరిది విడుదలయైనది అను సంగతులన్నియు వాదులాటలోనికి దిగును. ఆ వాదులాటలో ఓడువాడు తరచుగా రసీదు పోగొట్టుకొన్న చిన్న రైతే. సహకారోద్యమమున ఆడిటునకు అంత పెద్దపీట వేయుటకు కారణ మిదియే.

ఇప్పుడు ఆ పుస్తకములు కాగితమును విడచి యంత్రములలోనికి పోవుచున్నవి. ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులలోనికి మార్చుటకై కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29వ తేదీన ఒక పథకమును ఆమోదించెను. అప్పటి నిర్ణయము ప్రకారము దేశమందలి 63,000 సంఘములకు రూ. 2,516 కోట్ల వ్యయముతో ఈ పని జరుగవలయును. పిమ్మట సంఘముల సంఖ్యను ఇంకను పెంచిరి. పథకము మంచిదే. కాని దానివలన దినదినపు జమాఖర్చులు దేశమంతటికి ఒక్కటియైన సాఫ్టువేరులోనికి చేరునే గాని, సంఘపు గదిలోని తక్కిన దస్తావేజుల సంగతి సంఘమే చూచుకొనవలసి యున్నది. పాత ఆవర్జాలు, తీర్మానముల పుస్తకములు, వాటాదారుల రిజిస్టర్లు, తాకట్టు పత్రముల నకళ్లు, ఎరువుల గోదాము లెక్కలు, వీనినెల్ల స్కాను చేయించి ఎచ్చటనో దాచవలయును గదా. ఇందుకై వ్యాపారులు 'నాస్' అను పెట్టెను చూపుదురు. అనగా కార్యాలయమందలి కంప్యూటరులన్నియు నెట్‌వర్కు తీగ ద్వారా తమ కాగితములను పోసికొను ఉమ్మడి గరిసె యన్నమాట. దానిలో రెండో, నాలుగో హార్డు డిస్కులుండును. పెట్టెకన్న ఈ డిస్కులే ముఖ్యములు. వీనిని కొనునప్పుడు పాలకవర్గమువారు పరిమాణమును, ధరను మాత్రమే చూచి తీర్మానము చేయుట తగదనియు, తయారుచేయు కంపెనీవారు ప్రకటించు లక్షణ పత్రమును తెప్పించి చదివిన పిమ్మటనే బిల్లు మంజూరు చేయవలయుననియు మా అభిప్రాయము.

హార్డు డిస్కు ఎట్టి వస్తువో ముందు చూతము. అరచేతిలో పట్టు ఒక లోహపు పెట్టెలో అద్దమువలె నునుపైన పళ్లెరములు నిమిషమునకు 5,400 లేక 7,200 మారులు తిరుగుచుండును. వానిపై అయస్కాంతపు పూత యుండును. తలవెండ్రుక మందములో వేయవ వంతుకన్న తక్కువ యెడముతో ఒక ముల్లు పళ్లెరముపై తేలుచు అక్షరములను వ్రాయును, చదువును. 1956లో అమెరికాలోని ఐ.బి.యం. కంపెనీవారు ఇట్టి యంత్రమును మొట్టమొదట లోకమునకు చూపినప్పుడు అందు రెండడుగుల అడ్డుకొలత గల పళ్లెరములు 50 ఉండెను. సుమారు టన్ను బరువున్న ఆ యంత్రము పట్టిన అక్షరములు 50 లక్షలు. నేడు బజారులో దొరకు 4 టెరాబైట్ల డిస్కు దానికి 8 లక్షల రెట్లు పట్టును. ఇంత సూక్ష్మమైన పనిని రేయింబవళ్లు చేయు వస్తువు చిరకాలము నిలుచునని నమ్మి సంఘపు లెక్కలను దానిలో పోయరాదు.

పరిమాణమును గూర్చి ఎక్కువ చెప్పవలసినది లేదు. 4 టెరాబైట్ల డిస్కును కంప్యూటరునకు తగిలించిన 3.63 అని చూపుటయు కలదు. దుకాణదారు మోసగించెనని తగవు పడనక్కర లేదు. తయారుచేయువారు 1,000ని మెట్టుగా పెట్టుకొని లెక్కింతురు. కంప్యూటరు 1,024ను మెట్టుగా పెట్టుకొని లెక్కించును. పూర్వము ఒక సీమ శేరునకును మరియొక సీమ శేరునకును భేదమున్నట్లే ఇదియును. ఇక మనకు కావలసిన దెంత? స్కాను చేసిన పుట యొక్కింటికి ఒక మెగాబైటు వేసినను వేయి పుటల ఆవర్జా ఒక గిగాబైటగును. అట్టి ఆవర్జాలు వేయి చేరిన గాని ఒక టెరాబైటు నిండదు. వేయి ఆవర్జాలు గల ప్రాథమిక సంఘమును మేమెరుగము. కావున 8, 12 టెరాబైట్ల డిస్కులను చూపి ముందుచూపని చెప్పు వ్యాపారి మాట వినక, చిన్న డిస్కులనే కొని, మిగిలిన సొమ్మును మేము తరువాత చెప్పబోవు పనికి వినియోగించుట మేలు.

లక్షణ పత్రములో మొదట చూడవలసినది వ్రాత పద్ధతి. సి.ఎం.ఆర్. అనియు, ఎస్.ఎం.ఆర్. అనియు రెండు పద్ధతులు కలవు. గొర్రుతో విత్తు రైతునకు వీని భేదమును తెలియజెప్పుట కష్టము కాదు. పళ్లెరముపై అక్షరములు చాళ్లు చాళ్లుగా పడును. సి.ఎం.ఆర్. పద్ధతిలో ఏ చాలునకా చాలు విడిగా నుండును. ప్రక్కవాని జోలికి పోక ఒక్క చాలును తిరిగి వేసికొనవచ్చును. ఎస్.ఎం.ఆర్. పద్ధతిలో ఇంటికప్పు పెంకులవలె ఒక చాలు అంచుపై మరియొక చాలు ఎక్కియుండును. అందువలన అదే పళ్లెరముపై ఎక్కువ చాళ్లు పట్టును. డిస్కు చౌకగా వచ్చును. కాని నడుమ నున్న చాలును మార్చవలెనన్న, దానిపై ఎక్కియున్న తరువాతి చాళ్లను గూడ ఎత్తి మరల వేయవలయును. ఒకమారు వ్రాసి ఊరక దాచియుంచు ఫోటోలకు, పాటలకు ఈ పద్ధతి చాలును. నాస్ పెట్టె సంగతి వేరు. అందొక డిస్కు చెడి క్రొత్తది పెట్టినప్పుడు, ఆ క్రొత్తదానిని గంటల తరబడి ఎడతెగక వ్రాసి నింపవలసి యుండును. అట్టి సమయమున ఎస్.ఎం.ఆర్. డిస్కు బరువుబండి కట్టిన ఎద్దువలె మొరాయించును. పెట్టె దానిని చచ్చినదానిగా నెంచి త్రోసివేయుటయు కలదు.

ఇది ఊహ కాదు. వెస్టర్న్ డిజిటల్ కంపెనీవారు నాస్ పెట్టెలకే యని అమ్ముచుండిన 'రెడ్' డిస్కులలో, 2 మొదలు 6 టెరాబైట్లవరకు గల కొన్ని రకములు ఎస్.ఎం.ఆర్. పద్ధతివని 2020 ఏప్రిలులో బయటపడెను. లక్షణ పత్రములో ఆ మాట లేకుండెను. కొన్నవారు గగ్గోలు పెట్టిన పిమ్మట కంపెనీవారు ఏ డిస్కు ఏ పద్ధతిదో పట్టిక ప్రకటించి, నాస్ పెట్టెలకై సి.ఎం.ఆర్. రకములను 'రెడ్ ప్లస్' అను పేరుతో వేరుచేసిరి. పేరునుబట్టి కొనరాదనుటకు ఇంతకన్న సాక్ష్య మేల? సీగేటు కంపెనీవారు తమ 'ఐరన్‌వుల్ఫ్' డిస్కులలో ఎస్.ఎం.ఆర్. వాడుట లేదని ఆ సమయముననే చెప్పిరి. ఏ కంపెనీదైనను సరే, డిస్కు రకపు సంఖ్యను చూచి, సి.ఎం.ఆర్. అను మాటను బిల్లుపై వ్రాయించుకొనవలయును.

వ్రాయించుకొనవలసిన మాట యింకొకటి కలదు. పళ్లెరముపై ఒకచోట అక్షరము చదువరానిదైనప్పుడు మామూలు డిస్కు దానినే పట్టుకొని మరల మరల ప్రయత్నించుచు చాలసేపు పలుకకుండును. ఒంటరిగా నున్న కంప్యూటరులో ఇది మంచి గుణమే. వేరొక ప్రతి లేదు గనుక ఎట్లయినను చదువవలయును. నాస్ పెట్టెలో ఇదియే దోషము. పలుకని డిస్కును పెట్టె చెడినదిగా తలచి వెలివేయును. నాస్ డిస్కు అట్లుగాక, సుమారు ఏడు సెకనులు ప్రయత్నించి, 'నాకు చేతకాలేదు' అని చెప్పివేయును. పెట్టె ఆ అక్షరమును జతడిస్కునుండి చదివి చెడినచోటును సవరించును. ఒకే బల్లపై నలుగురు గుమాస్తాలు కూర్చుండి వ్రాయుచుండగా ఒకడు బల్ల కదిపిన తక్కినవారి వ్రాత చెడునట్లు, ఒకే పెట్టెలో తిరుగు డిస్కుల అదురు ఒకదానికొకటి తగులుచుండును. దీనిని ఓర్చుకొనునట్లు చేసిన డిస్కులును కలవు. రెండు డిస్కుల పెట్టెకు అంత అవసరము లేదు. నాలుగింటికి మించినప్పుడు చూచుకొనవలయును.

ఇక అన్నిటికన్న ఎక్కువగా మభ్యపెట్టు అంకెను గూర్చి చెప్పెదము. నాస్ డిస్కుల పత్రములలో సగటున 10 లక్షల గంటలకు ఒక చెడుపు అని యుండును. 10 లక్షల గంటలనగా 114 ఏండ్లు. మన మనుమల కాలమువరకు దిగులు లేదని పాలకవర్గమువారు సంతోషింతురు. దాని భావమది కాదు. వేయి డిస్కులను ఒక యేడాది నడిపిన, అన్నియు కలిసి 87 లక్షల 60 వేల గంటలు నడచును. వానిలో సుమారు తొమ్మిది చెడునని మాత్రమే ఆ అంకె చెప్పుచున్నది. ఆ తొమ్మిదింటిలో మనది ఉండదని ఎవ్వరును హామీ ఈయలేదు. అదియైనను తయారుచేయువారి లెక్క. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమువారు సుమారు లక్ష డిస్కుల చరిత్రను పరిశీలించి 2007లో ప్రకటించిన వ్యాసములో, ఏటేట మార్చవలసివచ్చినవి నూటికి రెండు మొదలు నాలుగువరకు సామాన్యముగ నున్నవని తేల్చిరి. కావున గంటల అంకెను విడచి వారంటీ ఏండ్లను చూచుట మేలు. అది కంపెనీవారు తమ సొమ్ముతో కట్టుబడు మాట. మామూలు నాస్ డిస్కులకు మూడేండ్లు, పైరకములకు ఐదేండ్లు ఇచ్చుట వాడుక. అయినను వారంటీ ఇనుమునకే గాని అక్షరములకు గాదని మరువరాదు. చెడిన డిస్కునకు బదులు డిస్కు వచ్చును. దానిలోని తాకట్టు పత్రములు రావు.

ఏడాదికి 180 టెరాబైట్ల పని చేయగలదను పంక్తియు పత్రములో కనబడును. ప్రాథమిక సంఘము దాని చాయలకైనను పోదు. చదివి విడువవచ్చును.

వేడిమి సంగతి మాత్రము మనవంటి మెట్ట సీమవారు విడువరానిది. నాస్ డిస్కు 65 డిగ్రీలవరకు పనిచేయునని పత్రములలో వ్రాయుదురు. అది డిస్కు ఒంటి వేడియే గాని గది వేడి కాదు. ఏప్రిలు, మే మాసములలో కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతములలో నీడపట్టుననే 43, 44 డిగ్రీలు వచ్చుచుండును. కడప బండలు కప్పిన మిద్దెగదిలో, కిటికీలు మూసి, బీరువాపై పెట్టిన పెట్టెలో తిరుగు డిస్కునకు దానిపై ఇంకెంత చేరునో చదువరులే ఊహించుకొనవచ్చును. గూగుల్ కంపెనీవారు తమ డిస్కులు లక్షకు పైగా పరిశీలించి 2007లో ప్రకటించిన వ్యాసములో, మధ్యస్థమైన వేడిలో వేడి హెచ్చినకొలది చెడుపు హెచ్చుననుటకు నిదర్శనము కనబడలేదనిరి. నిజమే కావచ్చును. కాని వారి డిస్కులు ఎల్లవేళల చూచుకొను యంత్రశాలలలోనివి. మన రోహిణీకార్తె నెరిగినవి కావు. ఆ వ్యాసముననే మరియొక మాటయు కలదు. డిస్కు తన ఆరోగ్యమును తానే లెక్కించి చూపు ఏర్పాటు ఒకటి ప్రతి డిస్కులోను ఉండును. చెడిన డిస్కులలో సగమునకు పైగా ముఖ్యమైన నాలుగు సూచనలలో ఒక్కదానినైనను చూపకయే చెడినవట. కనుక సూచన కనబడినచో వెంటనే డిస్కును మార్చవలెను. కనబడనంత మాత్రమున నిశ్చింతగా నిద్రింపరాదు. పెట్టెను నేలకు కొంచెము ఎత్తున, గాలి యాడుచోట, ఎరువుల మూటలకును దుమ్మునకును దూరముగ నుంచవలయును. కరెంటు తటాలున పోయినప్పుడు డిస్కు తన ముల్లును తానే ప్రక్కకు తీసికొనగలదు గాని, అప్పుడే వ్రాయుచున్న పుట అర్ధాంతరముగ నిలిచిపోవును. బ్యాటరీ యేర్పాటు లేక ఇట్టి పెట్టెను మన పల్లెలలో నడుపుట, కంచె లేని చేనిలో వేరుసెనగ వేయుటయే.

ఎద్దును కొనువాడు నోరు తెరచి పళ్లు చూచును. డిస్కునకును పళ్లు కలవు. అది ఎన్ని గంటలు నడచినదో దానిలోనే వ్రాసియుండును; క్రొత్తదానిలో సున్నకు దగ్గరగా నుండవలెను. 2025 ఆదిని ఐరోపాలో, వేలకొలది గంటలు నడచిన సీగేటు డిస్కులను అంగళ్లలో క్రొత్తవిగా అమ్మిన సంగతి వెల్లడియైనది. ఆ డిస్కులలో పైకి కనబడు గంటల లెక్కను చెరిపివేసిరి. కంపెనీవారు లోపల వేరుగ నుంచు లెక్కవలననే గుట్టు బయటపడినది. ముదుసలి ఎద్దు పళ్లను ఆకురాయితో రాచి సంతకు తోలు దళారులు అన్ని దేశములందును కలరన్నమాట. వారంటీ నంబరును కంపెనీవారి పట్టికలో సరిచూచిన పిమ్మటనే సొమ్ము చెల్లింపవలయును.

ఇంత చూచి రెండు మంచి డిస్కులు కొని, ఒకదానిలో వ్రాసినది రెండవదానిలోను పడునట్లు జతచేసితిమనుకొందము. ఇక భద్రమే యని వ్యాపారి చెప్పును. ఇచ్చటనే మాకు వానితో గట్టి భేదాభిప్రాయము. జతడిస్కు చెడుపునుండి కాపాడును గాని తప్పునుండి కాపాడదు. గుమాస్తా పొరపాటున ఒక ఫైలును తుడిచివేసిన, మరుక్షణమే జతడిస్కులోను తుడుచుకొనిపోవును. ఫైళ్లకు తాళమువేసి సొమ్ము అడుగు దొంగ ప్రోగ్రాములు వచ్చినను అంతే. 2017 మే మాసములో 'వన్నాక్రై' అను అట్టి ప్రోగ్రాము లోకమంతట వ్యాపించినప్పుడు మన రాష్ట్ర పోలీసు శాఖవారి కంప్యూటరులు కొన్నియు దాని పాలబడినవి. దొంగ పెట్టెనే ఎత్తుకొనిపోయిన రెండు డిస్కులును పోవును. వరద వచ్చిన రెండును మునుగును. 2009 అక్టోబరు 2న తుంగభద్రయు హంద్రియు కలిసి కర్నూలు పట్టణమును ముంచిన సంగతిని ఆ పట్టణమువారు మరువలేదు. 2021 నవంబరు 19న చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట ప్రాంతపు పల్లెలను ఊడ్చివేసెను. అట్టి నీటికి కాగితమైననేమి, డిస్కైననేమి?

కడపవారికి ఒక దృష్టాంతము ఇంటివద్దనే కలదు. సి.పి. బ్రౌను దొరగారు పందొమ్మిదవ శతాబ్దమున కడపలో పండితులను పెట్టుకొని, ఒక్కొక్క గ్రంథమునకు దొరకిన తాళపత్ర ప్రతులనెల్ల తెప్పించి, పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించిరి. ఒక ప్రతిలో చెదలు తిన్న చోటు వేరొక ఊరి ప్రతిలో నిలిచియుండుటచేతనే ఆ పని సాగినది. ఊరికొక ప్రతి యుండుటయే గ్రంథమునకు ప్రాణము.

కావున మా సూచన యిది. పెద్ద డిస్కులు కొనక మిగిల్చిన సొమ్ముతో ప్రతి సంఘమును మూడవ డిస్కు నొకటి కొనవలయును. కర్నూలు, నంద్యాల వైపు సంఘ మొకటియు, కడప వైపు సంఘ మొకటియు జతకూడి, ఒకరి మూడవ డిస్కును ఒకరు తమ ఇనుప పెట్టెలో భద్రపరుపవలయును. తుంగభద్ర నీరు కృష్ణలోనికి పోవును, చెయ్యేటి నీరు పెన్నలోనికి పోవును. రెండును ఒక్కనాడే పొంగి రెండు సంఘములను ముంచుట అరుదు. మార్చి 31న లెక్కలు ముగిసిన పిమ్మట ఒకమారు, ఖరీఫు అప్పుల పంపకము ముగిసిన పిమ్మట ఒకమారు, ఏటికి రెండుమారులు క్రొత్త ప్రతి తీసి మార్చుకొనిన చాలును. బస్సు ఖర్చు తప్ప వేరు వ్యయము లేదు. సహకార సంఘములు తమలో తాము సహకరింపవలయునను సూత్రము ఇట్టి చిన్న పనులకే గదా యేర్పడినది.

కొందరు ఈ శ్రమ యేల, దూరపు కంపెనీవారి యంత్రశాలలో నెలబాడుగకు దాచుకొనరాదా యందురు. దాచుకొనవచ్చును, అదియు ఒక ప్రతి యగును. కాని బాడుగ కట్టు గుమాస్తా మారిననాడు, సంకేతపదము తెలిసినవాడు లేనినాడు, ఆ ప్రతి ఉండియు లేనట్లే. చేతితో తాకదగిన ప్రతి యొకటి ఉండి తీరవలెనని మేము పట్టుబట్టుదుము.

పరాయి సంఘమునకు మన సభ్యుల వివరములు కనబడునే యను సందేహము న్యాయమైనదే. ఆధారు సంఖ్యలు, బాకీలు, పొలముల హద్దులు ఒకరివి ఒకరు చూడరాదు. వ్యక్తుల వివరముల రక్షణకు 2023లో చట్టమే వచ్చియున్నది. డిస్కునకు సంకేతపు తాళము వేయు సౌకర్యము నాస్ పెట్టెలు చాలవానిలో నున్నది. తాళపు మాటను ఒక కవరులో పెట్టి లక్కముద్ర వేసి, ఒకటి అధ్యక్షుని వద్దను, ఒకటి కేంద్ర బ్యాంకు శాఖలోను ఉంచవలెను. డిస్కు నొద్దనే ఆ మాటను చీటీపై వ్రాసి అంటించు కార్యదర్శులు లేకపోలేదు. అది బీగమును తలుపునకే వ్రేలాడదీయుట.

దూరపు ప్రతి ఉన్నదని కార్యదర్శి చెప్పిన చాలదు. సర్వసభ్య సమావేశమునకు ఆ డిస్కును తెప్పింపవలెను. ఏ సభ్యుడైనను లేచి, పదేండ్ల క్రిందటి తన ఖాతా పుటను దానినుండి తెరచి చూపుడని అడుగవచ్చును. పుట తెరచుకొనెనో లేదో, ఎంతసేపు పట్టెనో తీర్మానముల పుస్తకములో వ్రాయించి, ఆడిటరుగారు వచ్చినప్పుడు ఆ పంక్తిని చూపవలయును.